ముసలమ్మ ఓడ, మడతపడ్డ సముద్రం

ఆ రోజుల్లో అలసట అంటే ఏమిటో నాకు సరిగా తెలియదని ఇప్పుడు అనిపిస్తుంది. ఇరవై రెండేళ్ల వయసులో పొద్దున్నే లేచి, సాయంత్రం దాకా ఇనుము గీకి, వాల్వులు తిప్పి, అన్నం తిన్నామో లేదో కూడా గుర్తు లేకుండా పడిపోతే, మర్నాడు ఒళ్లు దానంతట అదే లేచి కూర్చునేది. ఇప్పుడు మంచం దిగే ముందు మోకాళ్లతో ఒక మాట అనుకోవాలి. (అవి ఒక్కోసారి ఒప్పుకోవు.) అయితే ఆ వయసులోనే, నాకంటే చాలా ముందుగా అలసిపోయినదాన్ని ఒకదాన్ని దగ్గరగా చూశాను. అది మనిషి కాదు, ఓడ. నౌకాదళంలో నేను చేసిన పదిహేనేళ్ల కొలువులో మంచి భాగం దాని మీదే గడిచింది. కాగితాల్లో దానికి గంభీరమైన పేరే ఉండేది గాని, మేమందరం ముసలమ్మ అనేవాళ్లం. ఆ ముసలమ్మని గురించి నేనొక అబద్ధం ఆడాను. దాని ఫలితంగా పడ్డ పాట్లు తలచుకుంటే, అప్పటి నన్ను పిలిచి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, పక్కన కూర్చోబెట్టి టీ ఇప్పించాలనిపిస్తుంది.

తొంభైల మొదట్లో మా రాజోలు వైపు నా ఈడు కుర్రాళ్లు సగం మంది గల్ఫ్‌కి వెళ్లడానికి పాస్‌పోర్టులు పట్టుకుని తిరుగుతుంటే, నేను నేవీలో చేరాను. సముద్రయానంలో అప్పటికి నా అనుభవం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురం వెళ్లడం. (అందులోనూ ఒకసారి కళ్లు తిరిగి ఒకాయన సైకిలు పట్టుకుని నిలబడ్డాను.) ట్రైనింగు పూర్తయ్యాక విశాఖపట్నంలో పోస్టింగు వచ్చిన రోజు ఇంటికి ఉత్తరం రాశాను, ‘నన్ను ట్యాంకరు మీద వేశారు’ అని. అదే నా మొదటి తప్పు. మా వైపు గ్యాస్ బావులు తవ్వుతున్న రోజులవి. ట్యాంకరు అంటే మావాళ్లకి తెలిసినది ఒక్కటే, కాలవగట్టు రోడ్డు మీద కొబ్బరి మట్టలు రాసుకుంటూ, దుమ్ము లేపుకుంటూ పోయే లారీ. వారం తిరగకుండా ఊళ్లో సంగతి స్థిరపడిపోయింది. నేవీ అన్నారు గాని, తీరా చూస్తే కుర్రాడు లారీ క్లీనరట.

మొదటిసారి సెలవు మీద వెళ్లినప్పుడు బస్సు దిగగానే టీ కొట్టు ఆయన అడిగాడు. “లారీ మీద వచ్చేస్తారనుకున్నామండి. బస్సెక్కి వచ్చేరేంటి?” నేను ఓపిగ్గా చెప్పాను, అది లారీ కాదండీ, ఓడ, యుద్ధ నౌకలకి నడిసముద్రంలో ఆయిలు, మంచినీళ్లు, సరుకులు అందిస్తుంది అని. ఆయన గ్లాసు కడుగుతూ అన్నాడు. “అంటే సముద్రం మీద పెట్రోలు బంకన్నమాట.” “ఆయ్, ఇంచుమించు అంతేనండి” అన్నాను. నిజానికి నా ఉద్యోగాన్ని అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. కాని ఆ మాట సాయంత్రానికి నూనె మావయ్య చెవిన పడింది.

నూనె మావయ్య మా అమ్మకి తమ్ముడు. రాజోలులో కొబ్బరి ఎండబెట్టి నూనె ఆడే మిల్లు ఆయనది. భారీ మనిషి, తెల్ల పంచె, గొంతు మిల్లు చప్పుడు మీదుగా వినిపించడానికి అలవాటు పడ్డ గొంతు. ఆయనకి ఒక్కతే కూతురు, అప్పుడు డిగ్రీ చదువుతోంది. నాకూ ఆ మరదలికీ పెళ్లి అని ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు గాని, అందరూ అనుకుంటున్నారని అందరికీ తెలుసు. ఆ సాయంత్రం మావయ్య మా అరుగు మీద కూర్చుని అమ్మతో అన్నాడు. “నేవీ అంటే యుద్ధం ఓడనుకున్నాను అక్కా. మన వాడిది ఆయిలోడా?” అంతే. ఆ మాటలో వెటకారం గాని, వద్దన్న సూచన గాని ఏమీ లేవు. అమ్మ కూడా “ఆయ్, అదేనంట” అని కాఫీ ఇచ్చింది. కాని గదిలో కూర్చున్న నాకు మాత్రం పెళ్లి తప్పిపోయిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇరవై రెండేళ్ల వయసులో చెవులు అలా ఉంటాయి.

విశాఖపట్నం తిరిగి వెళ్లి మొదట చేసిన పని, ఉత్తరం రాయడం. ‘నన్ను పెద్ద యుద్ధ నౌకకి మార్చారు. దానికి ఆరు ఫిరంగులు. అన్నిటికంటే ముందున్నదాని మీద నా డ్యూటీ.’ రెండో పని, ఫొటో. రేవు దగ్గర ఒక స్టూడియోలో మా బోటి వాళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఉండేది. గోడకి సముద్రం బొమ్మ వేసిన తెర, ముందు అట్టతో చేసి వెండి రంగు పూసిన ఫిరంగి. దాని మీద చెయ్యి వేసి, గడ్డం కాస్త ఎత్తి నిలబడ్డాను. “గట్టిగా ఆనుకోకండి సార్, వంగిపోతుంది” అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆ ఫొటో రాజోలు చేరి, మిల్లు ఆఫీసులో క్యాలెండరు పక్కన గోడకెక్కింది. ఆ తరువాత రెండేళ్ల పాటు నా ఉత్తరాల్లో వారానికొక ఫిరంగి పేలుతూనే ఉండేది.

పేలనిది నా జీవితం. ముసలమ్మ పుట్టి అప్పటికే పాతికేళ్లు పైబడింది. కొత్తలో ఎంత వయ్యారంగా పరుగెత్తేదో మా పనంతా చూసే పెద్ద నావికుడు, చీఫ్‌గారు, చెప్పేవారు గాని, నేను చేరేసరికి దానికి ఒళ్లంతా నొప్పులే. ఒక పంపు బాగుచేస్తే రెండోది మూలిగేది. ముందు డెక్కు మీద తుప్పు గీకి, రంగు వేసి, వెనక్కి వెళ్లి అక్కడ గీకడం మొదలెట్టేసరికి ముందు మళ్లీ ఎర్రబడేది. యుద్ధ నౌకలు పనికి వెళ్లి, పని ముగించుకుని, బ్యాండు మేళంతో తిరిగొచ్చేవి. మేము వాటికంటే ముందు బయల్దేరి, అందరికీ పోసి, అందరికంటే చివర ఒడ్డు చేరేవాళ్లం. అప్పటికి బ్యాండు వాళ్లు భోజనానికి వెళ్లిపోయేవారు. నా పని సౌండింగు, అంటే బరువు కట్టిన టేపుని గొట్టంలోంచి ట్యాంకు అడుగు దాకా వదిలి, ఆయిలు ఎంత లోతుందో చూసి చెప్పడం. రోజుకి రెండుసార్లు, ఉన్న ట్యాంకులన్నిటికీ. డీజిలు వాసన నా బట్టలకి కాదు, ఎముకలకి పట్టింది. సెలవు మీద వెళ్తే బస్సులో కండక్టరు “కిరసనాయిలు డబ్బా ఎవరిదండీ, పైన వెయ్యండి” అనేవాడు. నేను కూడా అటూ ఇటూ చూసేవాణ్ని.

మూడో ఏడు నవంబరులో మావయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. డిసెంబరులో నాలుగు రోజులు జనాన్ని ఓడలు చూడనిస్తారని పేపర్లో చూశాననీ, అమ్మాయిని తీసుకుని వస్తున్నాననీ, నా ఫిరంగి చూడాలనీ. ఆ ఉత్తరం పట్టుకుని నేను తిన్నగా బక్కోడి దగ్గరికి పరుగెత్తాను. బక్కోడు నాతో ట్రైనింగు చేసినవాడు. మా జెట్టీకే కట్టి ఉన్న ఒక యుద్ధ నౌకలో పనిచేసేవాడు. విని, తాపీగా అన్నాడు. “దీనికంత కంగారెందుకు? ఆ రోజు ఓడెక్కే గేంగ్‌వే దగ్గర నా డ్యూటీయే. మా ఓడ ఎక్కించు, ఫిరంగి చూపించు, దింపెయ్. పావుగంట పని.” ఆ పావుగంటని నమ్ముకుని తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేయించాను. వాసన పోవడానికి రెండు రోజులు కుంకుడు రసంతో స్నానం చేశాను.

వాళ్లు వచ్చారు. మావయ్య గంజి పెట్టిన పంచెలో, మరదలు లేత పసుపు చీరలో, చేతిలో మా అమ్మ ఇచ్చిన పూతరేకుల డబ్బాతో. బక్కోడు నాకు సెల్యూట్ కూడా కొట్టాడు. (అది అతి అని వాడికి ముందే చెప్పాను.) ఫిరంగి దగ్గరికి తీసుకెళ్లి, అట్టది కాదు గనక ఈసారి గట్టిగానే చెయ్యి వేశాను. మావయ్య దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వంగి అడుగున చూసి అడిగాడు. “దీనికి గ్రీజు ఎక్కడ పెడతావు అల్లుడూ?”

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. “దీనికి గ్రీజు అక్కర్లేదండి మావయ్యా” అన్నాను.

“తిరిగే ఇనుముకి గ్రీజు అక్కర్లేదా?” అన్నాడాయన, నన్ను కాక ఫిరంగినే చూస్తూ.

మాట మార్చడానికో, నిజంగానో, మరదలు అడిగింది. “మీరు పడుకునే చోటు ఏది బావా?” నేను ధైర్యంగా ముందు నడిచి, మెట్లు దిగి, మొదట కనిపించిన తలుపు తెరిచాను. లోపల నాలుగు బకెట్లు, రెండు చీపుళ్లు, ఒక తుడుపు గుడ్డల మూట ఉన్నాయి. ముగ్గురం కాసేపు వాటిని చూశాం. “ఇరుగ్గా ఉంది” అంది మరదలు. సరిగ్గా అప్పుడు ఆ నౌకలోని పెద్ద మీసాల చీఫ్ ఒకాయన అటు వచ్చి, నన్ను గుర్తుపట్టి, హిందీలో గట్టిగా అడిగాడు. ట్యాంకరు వాడివి ఇక్కడేం చేస్తున్నావు, మూడో వాల్వు లీకవుతోందని మీ వాళ్లు నీకోసం వెతుకుతున్నారు అని. మావయ్యకి హిందీ రాదు. కాని ట్యాంకరు, వాల్వు, లీకు అనే మాటలు హిందీలో కూడా ట్యాంకరు, వాల్వు, లీకే.

మావయ్య వెనక్కి తిరిగి మెట్లెక్కి, ఓడ దిగాడు. జెట్టీ మీద పది అడుగులు నడిచి ఆగి, “నీ ఓడేదిరా?” అన్నాడు. అల్లుడూ అన్నవాడు ‘రా’లోకి దిగాడు. చెయ్యెత్తి చూపించాను. జెట్టీ చివర ముసలమ్మ, పక్కలంట తుప్పు కన్నీటి చారల్లా కారి, నీళ్లలోకి బరువుగా కూరుకుపోయి ఉంది. యుద్ధ నౌకల ముందు జనం బారులు తీరి ఉంటే, దాని ముందు ఒక కుక్క పడుకుని ఉంది.

ముసలమ్మ మీద మా చీఫ్‌గారు ఎదురొచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి, అప్పటికి మూడు దఫాలుగా ఆ ఓడ మీదే పనిచేస్తున్నవారు. ఆయనకి నా భాగోతం ఏమీ తెలియదు. “మీ మేనల్లుడా బాబూ? మంచి చెయ్యి. టేపు వేస్తే అరంగుళం తేడా రాదు” అన్నారు. నన్ను మెచ్చుకున్న మాట నన్ను అంతగా కుంగదీయడం అదే మొదటిసారి. ఆ తరువాత జరిగినది మాత్రం నేను అనుకున్నట్టు లేదు. మావయ్య కోపంగానే డెక్కు మీద నాలుగడుగులు వేసి, గాలి పీల్చి, నేరుగా మూడో వాల్వు దగ్గరికి వెళ్లి, పంచె ఎగగట్టి గొంతుక్కూర్చున్నాడు. కారుతున్న చుక్కని వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. “వాల్వుకేం కాలేదండి. లోపల చుట్టిన ప్యాకింగు అరిగిపోయింది. మా మిల్లులో నెలకోసారి ఇదే గోల” అన్నాడు. “నేనూ అదే అంటన్నాను బాబూ” అని చీఫ్‌గారు ఆయన పక్కనే కూర్చున్నారు. మరి ఇద్దరూ లేవలేదు. నా తెల్ల యూనిఫారంతో నేను వాళ్ల వెనకాల స్పానరు పట్టుకుని నిలబడ్డాను. మరదలు ఒక ఇనుప గుంజ మీద కూర్చుని పూతరేకులు తీసి, వచ్చినవాళ్లకల్లా పెట్టింది.

“నడిసముద్రంలో ఎలా పోస్తారండి?” అని మావయ్య అడిగితే చీఫ్‌గారు చెప్పారు. “మీ రోడ్డు మీద రెండు బస్సులు పక్కపక్కనే ఒకే వేగంతో పోతన్నాయనుకోండి. ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి గొట్టం పెట్టి పాలు పొయ్యాలి. రోడ్డేమో ఎగిరెగిరి పడతాది. గంటో రెండు గంటలో అలాగే పోవాలి. ఇటు ఒకటి, అటు ఒకటి, రెండు ఓడలకి ఒకేసారి పోసిన రోజులున్నాయి బాబూ ఈ ముసల్దానికి.”

“ఆపి పొయ్యొచ్చు కదండీ?”

“ఆగితే దొర్లిపోతాదండి. నడుస్తా ఉంటేనే నిలకడ.”

మావయ్య తల పంకించాడు. ఒక్కో ట్యాంకుకి ఎన్ని డబ్బాలు పడతాయని అడిగి, జవాబు విని, మన రేవులో పంటు ఈ ఒక్క ట్యాంకులో మునిగిపోతుందే అని ఆశ్చర్యపోయాడు. మూడు గంటలు గడిచాయి. సాయంత్రం జెట్టీ మీద నడుస్తుంటే, ఆయన ఇంత సంతోషంగా ఉన్నాడు గదా, నా నేరం కొట్టుకుపోయిందేమో అని ఆశ పుట్టింది. “ఓడ ఎలా ఉందండి మావయ్యా?” అన్నాను.

“ఓడకేంటి, బంగారంలా ఉంది” అన్నాడాయన. “ఇలాంటి ఓడలో పనిచేస్తా చెప్పుకోడానికి నామోషీ పడ్డావు చూడు, అదే నాకు అర్థం కావట్లేదు. ముప్ఫై ఏళ్లబట్టి ఒళ్లంతా నూనె కంపుతో బతుకుతున్నాను. ఎవడైనా అడిగితే మిల్లు అనే చెప్పేను గాని, బ్యాంకులో పనని చెప్పలేదు. రెండేళ్లు గోడకి ఫొటో పెట్టుకుని వచ్చిన వాళ్లందరికీ చూపించేను నేను.”

“తప్పయిపోయిందండి.”

“ఆయ్, అయిపోయింది. పిల్లనిచ్చే మాట ఇంక వద్దులే. ఓడనే దాచినోడివి, రేపు ఇంట్లో ఏం దాస్తావో నాకేం తెలుసు.”

అంత మెల్లగా మాట్లాడగలడని నాకు తెలియదు. అరిచి ఉంటే బాగుండేది. నేను ఇస్త్రీ మడతలు చెడి, మోకాళ్ల దగ్గర నల్లటి మరకలతో, అక్కడ అలా నిలబడి ఉండగా, మరదలు పూతరేకుల డబ్బా మూత పెడుతూ అంది. “నాన్నా, అది అబద్ధమని నాకు రెండేళ్లుగా తెలుసు.” ఇద్దరం ఆమె వైపు తిరిగాం. “ఫొటోలో సముద్రానికి మడత ఉంది బావా. కుడి పక్కన, పైనుంచి కింద దాకా. దుప్పటికి ఉన్నట్టు.”

“మరి చెప్పలేదేం?” అన్నాను.

“మీరెప్పుడు చెప్తారా అని చూసేను.”

మావయ్య మొహం ఎర్రబడింది. ఆ ఫొటో చూపించిన వాళ్లందరినీ ఆయన మనసులో లెక్కపెట్టుకుంటున్నట్టు కనిపించింది. మరదలు ఆయనకేసి కాక నాకేసి చూస్తూ చెప్పింది. “ఒక ఏడాది ఉత్తరాలు రాయండి. ఓడలో ఏం జరిగితే అది రాయండి. ఏమీ జరగకపోతే ఏమీ జరగలేదని రాయండి. అన్నీ చదివేక అవునో కాదో చెప్తాను. అప్పటిదాకా నాన్న మాట నాన్నదే.” మావయ్య కాదనలేదు. పంచె దులుపుకుని గేటు వైపు నడిచాడు.

అలా నా సత్యవ్రతం మొదలైంది. నిజం రాయడం ఎంత కష్టమో మొదటి ఉత్తరంలోనే తెలిసింది. కష్టం నిజంలో లేదు, దాని విసుగులో ఉంది. ‘ఈ రోజు ముందు డెక్కు గీకాము. నిన్న గీకిన చోట మళ్లీ తుప్పు వచ్చింది.’ ‘ఈ రోజు ట్యాంకులకి టేపు వేశాను. నిన్నటిలాగే ఉన్నాయి.’ ‘ఈ రోజు ఏమీ జరగలేదు. పప్పు బాగుంది.’ ఆమె జవాబులు కూడా అంతే నిజాయితీగా ఉండేవి. ‘మీ ఉత్తరం చదువుతూ నిద్రపోయాను. మర్నాడు పూర్తి చేశాను.’ పోనుపోను రాయడానికి ఏదో ఒకటి కావాలి గనక ఓడని చూడడం మొదలుపెట్టాను. అప్పటిదాకా దాని మీద పనిచేశాను గాని చూడలేదు. ఏ రేకు ఎప్పుడు మార్చారో, ఏ అతుకు ఏ తుపానులో పడిందో చీఫ్‌గారిని అడిగి రాసేవాణ్ని. రిపేరుకని నీళ్లు తోడేసిన డాక్‌లో నాలుగు నెలలు కూర్చుంటే, దాని అడుగుకి పట్టిన ఆల్చిప్పలు ఎన్ని బస్తాలయ్యాయో రాశాను. వంకర తిరిగిన మెట్టు మీద పాతికేళ్లుగా ఒకే చోట పడ్డ అడుగుల గుంట గురించి ఒక పేజీ రాశాను. ఆ ఉత్తరానికి ఆమె నిద్రపోలేదట.

ఏడాది ఇంక మూడు నెలల్లో పూర్తవుతుందనగా ఒక మధ్యాహ్నం, సముద్రంలో ఒక నౌకకి ఆయిలు పోస్తుండగా మా వైపు గొట్టం అతుకు ఊడింది. నేను దాని పక్కనే ఉన్నాను. డీజిలు మొహం మీద కొట్టింది. కళ్లలో నిప్పులు పోసినట్టయింది. చీఫ్‌గారే నన్ను ఈడ్చుకెళ్లి మంచినీళ్లతో కడిగారు. డాక్టరు రెండు కళ్లకీ కట్టు కట్టి, వారం దాకా ఏమీ చెప్పలేమన్నాడు. ఆ వారం ఉత్తరం రాసే రోజు వచ్చింది. చీఫ్‌గారు కాగితం, కలం పట్టుకుని నా మంచం పక్కన కూర్చున్నారు. “చెప్పు, రాస్తాను” అన్నారు. ‘నాకు జలుబు చేసింది’ అని చెప్పాను. కలం కాగితం మీద కదిలిన చప్పుడు రాలేదు.

“జలుబేనా?” అన్నారాయన.

ఆ కట్టు వెనక చీకట్లో పడుకుని లెక్క వేసుకున్నాను. ఒకవేళ చూపు రాకపోతే ఆ ఉత్తరమే నా పెళ్లి మాటకి ఆఖరి ఉత్తరం అవుతుంది. జలుబని రాస్తే మూడు నెలలు గడవచ్చు. చివరికి చెప్పాను. ‘కళ్లలో ఆయిలు పడింది. కట్టు కట్టారు. చూపు వస్తుందో రాదో తెలియదు. భయంగా ఉంది. అమ్మకి చెప్పకండి. ఈ ఉత్తరం చీఫ్‌గారు రాస్తున్నారు.’ ఆయన రాసి, మడిచి, నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయారు.

కట్టు విప్పేసరికి చూపు ఉంది. మసగ్గా, నీళ్లు కారుతూ ఉన్నా ఉంది. ఆ చూపుతో నేను మొదట చదివింది ఆమె ఉత్తరం. ఇన్‌లాండు కవరు నిండా చింతగింజలంత అక్షరాలు. చూపు ఆనకపోయినా చదువుకోవాలని అంత పెద్దగా రాసింది. అందుకని నాలుగు వాక్యాలే పట్టాయి. ‘నాన్నకి చెప్పాను. అత్తయ్యకి చెప్పలేదు, ఆవిడ అడగలేదు. మీకు చూపు ఎలా ఉన్నా నా ఏడాది లెక్క మారదు. వచ్చే వారం రాయండి.’ కళ్లకి మందు వేసుకోవాల్సిన వేళ అప్పుడే అయినందువల్ల, పక్క మంచాలవాళ్లకి నేను ఏడ్చినట్టు తెలియలేదు.

ఏడాది నిండిన వారం మావయ్య మా ఇంటికి వెళ్లాడట. అమ్మ తరువాత ఆయన గొంతుతో సహా నాకు చెప్పింది. “నీ కొడుకు ఉత్తరాలు అమ్మాయి నాకు చదివి వినిపించేది అక్కా. ఏడాదంతా తుప్పు, రంగు, తుప్పు, రంగు. ఇంత విసుగు పుట్టించేవాడు అబద్ధాలాడ్డం కల్ల. అమ్మాయి అవునంది, ముహూర్తం పెట్టించు.” గోడ మీది ఫొటో మాత్రం ఆయన తియ్యలేదు. మిల్లుకి వచ్చినవాళ్లకి ఇప్పుడు మడత చూపించడం మొదలుపెట్టాడు.

ఆ తరువాత కొన్నేళ్లు వేరే చోట్ల పనిచేసి, రెండువేల తరువాత నేను మళ్లీ ముసలమ్మ మీదికే వచ్చాను, దాని చివరి పద్దెనిమిది నెలలకి. అప్పటికి నేనే చీఫ్‌ని. దాన్ని సముద్రంలోకి తీసుకెళ్లేది తక్కువ, జెట్టీకి కట్టి దాని విడి భాగాలు వేరే ఓడలకి విప్పి ఇచ్చేది ఎక్కువ. ఎవరో వచ్చి ఒక పంపు అడిగేవారు. విప్పి ఇచ్చి, ఆ ఖాళీకి ఒక రేకు బిగించేవాళ్లం. మేమూ అలాగే ఉండేవాళ్లం, సగం మంది బదిలీ అయిపోయి, మిగిలిన సగం రెండు రెట్లు నడుస్తూ. ఆఖరి రోజు పొద్దున్న అలవాటు ప్రకారం టేపు పట్టుకుని అన్ని ట్యాంకులూ తిరిగాను. ప్రతిసారీ టేపు పొడిగా పైకి వచ్చింది. పుస్తకంలో అన్నిటికీ ఎదురుగా సున్నా రాశాను. ఆ సాయంత్రం సూర్యాస్తమయానికి జెండా దింపారు. ఓడ ఎన్నేళ్లు పనిచేస్తే అంత పొడుగున కట్టే సన్నటి జెండా ఒకటి ఉంటుంది. ముసలమ్మది చుక్కాని వెనక నీళ్లలోకి వేలాడింది. రిటైరైన మా పాత చీఫ్‌గారు చేతికర్రతో శ్రీకాకుళం నుంచి వచ్చారు. మావయ్య రాజోలు నుంచి వచ్చాడు. జెండా మడుస్తున్నంతసేపూ ఆ ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, ప్యాకింగుల గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడుకోలేదు.

రెండు నెలల తరువాత ఒక ఆదివారం పొద్దున్న, నేనూ మా ఆవిడా రైతు బజారు నుంచి వస్తూ సముద్రం గట్టు మీదుగా నడుస్తున్నాం. హార్బరు నోట్లోంచి ఒక టగ్గు బయటికి వస్తోంది, వెనకాల తాడుతో ఒక ఓడని లాగుకుంటూ. ముసలమ్మే. పాత ఇనుముకి కొన్నవాళ్లు తీసుకుపోతున్నారు. కడుపులో చుక్క లేక, తేలికై, నేనెప్పుడూ చూడనంత ఎత్తుకి నీళ్లలోంచి లేచి, ఎర్రటి అడుగు భాగమంతా బయటికి కనిపిస్తూ, అది వేరే ఏదో వయసులో ఉన్న ఓడలా ఉంది. దాని డెక్కు మీద ఎవరూ లేరు. నాకు తెలియకుండానే నిటారుగా నిలబడి చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాను. ఎడం చేతిలో బీరకాయలు, తోటకూర నిండిన సంచీ. నెత్తిన టోపీ లేదు, టోపీ లేకుండా సెల్యూట్ లేదని మాకు మొదటి వారమే నేర్పుతారు. ఒంటి మీద గళ్ల చొక్కా, కాళ్లకి హవాయి చెప్పులు. దారినపోయేవాళ్లు ఆగి నన్నూ, సముద్రాన్నీ మార్చి మార్చి చూశారు. మా ఆవిడ నా చేతిలోంచి సంచీ తీసుకుంది. టగ్గు మలుపు తిరిగి, ఓడ కొండ చాటుకి వెళ్లేదాకా పక్కనే నిలబడింది.

తరువాత సముద్రానికి వీపు తిప్పి ఇంటికి నడిచాం. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, ఏదో ఒకటి అనాలని అడిగాను, సెల్యూట్ బాగానే కొట్టానా అని. ఆవిడ తోటకూర సంచీలోంచి తీస్తూ చెప్పింది. “మోచెయ్యి కొంచెం వంకరగా ఉందండి. కాని చాలాసేపు ఉంచేరు.” ఇప్పటికీ పొద్దున్న మోకాళ్లతో బేరం కుదరక మంచం మీదే కూర్చుని ఉన్నప్పుడు, గట్టు మీద బీరకాయల సంచీతో నిలబడ్డ ఆ మనిషి కళ్ల ముందుకి వస్తాడు. వెళ్లి మోచెయ్యి సరిచేద్దామా అనిపిస్తుంది, మళ్లీ పోనీలే అనిపిస్తుంది.